ఏ చేతికి ఏ టచ్? ట్యాబ్ కొనేముందు ఒక గోరు పరీక్ష

గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమిషన్ కొట్టు నడిపే మా బాబాయి పోయిన సీజన్‌లో ఫోన్ చేశాడు. "ఒరే, లాట్ నంబర్లు, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క రాసుకోడానికి ఒక ట్యాబ్ కొందామనుకుంటున్నా. ఒకడొచ్చి దేంతో నొక్కినా పనిచేసే మిషన్ ఉందంటున్నాడు. ఇంకొకడు మామూలు ట్యాబ్ చాలంటున్నాడు. ఏది తీసుకోమంటావు?"

"దాన్ని ముట్టుకునే చెయ్యి ఎలా ఉంటుంది బాబాయ్?"

"నా చెయ్యేరా, ఎలా ఉంటుందంటే ఏం చెప్పను?"

"అది కాదు, రాసేటప్పుడు చేతికి ఏముంటుంది?"

కాసేపు ఆలోచించాడు. "కారం. చెమట. రెండూ."

సగం జవాబు అక్కడే దొరికింది. ట్యాబ్ కొనేటప్పుడు ర్యామ్ ఎంత, కెమెరా ఎంత, బ్యాటరీ ఎన్ని గంటలు అని అందరం అడుగుతాం. పొద్దస్తమానం ముట్టుకునే తెర గురించి మాత్రం "టచ్ బాగుంటుందా?" అని ఒక్క మాట అడిగి ఊరుకుంటాం. షాపులో కుర్రాడు "సూపర్ సార్" అంటాడు. ఆ ప్రశ్నకు అంతకంటే మంచి జవాబు ఎవరూ ఇవ్వలేరు. తెరను తాకేది తడి వేలా, పొడి వేలా, గ్లవ్స్ వేసుకున్న వేలా, పెన్నా అన్నది ముందు మనం తేల్చుకోవాలి.

ముందు గోరుతో నొక్కండి

మీ ఫోన్ తీసి, వేలి కండ తగలకుండా గోరు కొస ఒక్కటే తగిలేలా ఏదో ఒక యాప్ మీద నొక్కండి. పలకదు. ఇప్పుడు స్టీలు స్పూను చేత్తో పట్టుకుని, దాని వీపు తెరకు ఆనించండి. చాలా ఫోన్లు పలుకుతాయి. అదే స్పూనును మందపాటి పొడి గుడ్డతో పట్టుకుంటే మొరాయిస్తాయి. అరటిపండుతో నొక్కినా యాప్ తెరుచుకుంటుంది. మా అక్క చిన్న కూతురు ఈ ప్రయోగం ఇంటిల్లిపాదికీ చేసి చూపించింది, తర్వాత ఫోన్ తుడుచుకున్నది నేను.

ఇలాంటి తెరకు మన బలంతో పనిలేదు. తన దగ్గరున్న విద్యుత్తును కాస్త లాక్కునే వస్తువు ఏదైనా దగ్గరికొస్తే చాలు. నీరు, ఉప్పు నిండిన మన ఒళ్లు ఆ పనికి చక్కగా సరిపోతుంది. దీన్ని కెపాసిటివ్ టచ్ అంటారు. ఇవాళ షాపుల్లో దొరికే ఫోన్లు, ట్యాబ్‌లు దాదాపు అన్నీ ఇవే. గోరుతోనో పెన్ను మూతతోనో కాస్త గట్టిగా నొక్కితే పలికేది రెసిస్టివ్. పెద్ద బోర్డుల్లాంటి తెరల మీద వేలు అద్దానికి ఆనకముందే పలికిందంటే, చాలావరకు అది ఇన్‌ఫ్రారెడ్. బ్రోచర్ చదవక్కర్లేకుండా గోరే చెప్పేస్తుంది.

రెసిస్టివ్ తెరలో పైన వంగే ప్లాస్టిక్ పొర, కింద గాజు ఉంటాయి. రెండింటికీ లోపలివైపు కరెంటు పారే పారదర్శకమైన పూత ఉంటుంది. మధ్యలో కంటికి ఆనని చుక్కలు రెండు పొరలూ అంటుకోకుండా ఆపుతాయి. నొక్కినచోట పైపొర వంగి కిందిదాన్ని తాకుతుంది. ఎడమ అంచున 5 వోల్టులు, కుడి అంచున సున్నా ఇచ్చారనుకోండి. తాకిన చోట రెండున్నర కనిపిస్తే వేలు సరిగ్గా నడిమధ్యన ఉన్నట్టు, నాలుగు కనిపిస్తే ఎడమకు జరిగినట్టు. అదే కొలత మళ్లీ పైనుంచి కిందికి తీస్తే చోటు తేలిపోతుంది. లెక్క ఇంత తేలిక కాబట్టే చవక. కానీ రెండు వేళ్లు ఒకేసారి పెడితే పాపం దానికి అయోమయం. రెండింటి మధ్యలో ఎక్కడో ఒకచోట నొక్కినట్టు చెబుతుంది. ఫొటోను రెండు వేళ్లతో సాగదీసి పెద్దది చేసే పని మామూలు రెసిస్టివ్ తెర మీద కుదరనిది ఇందుకే.

నోకియా 5800 ఎక్స్‌ప్రెస్‌మ్యూజిక్ వాడినవాళ్లకు ఆ నొక్కుడు గుర్తుండే ఉంటుంది. ఆ ఫోన్‌తో పాటు చిన్న స్టైలస్ కూడా వచ్చేది. 2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం తెచ్చిన మొదటి ఆకాశ్ ట్యాబ్ కూడా రెసిస్టివే. మరుసటి ఏడాది వచ్చిన ఆకాశ్ 2 నాటికి కెపాసిటివ్‌కు మారిపోయారు.

కెపాసిటివ్ సంగతి మంగళగిరి మగ్గం చూసినవాళ్లకు ఇట్టే ఎక్కుతుంది. నిలువుగా పడుగు, అడ్డంగా పేక. గాజు కింద ఇండియం టిన్ ఆక్సైడ్ అనే పారదర్శకమైన పదార్థంతో గీసిన సన్నటి గీతలు కూడా అలాగే నిలువుగా, అడ్డంగా ఉంటాయి. నేతలో పోగులు ఒకదాన్నొకటి రాసుకుంటాయి, ఇక్కడ మాత్రం మధ్యన పలచటి ఎడం ఉంటుంది. లోపలున్న చిప్ ఒక్కో అడ్డగీతకు వరసగా చిన్న సిగ్నల్ పంపి, అందులో ఎంత నిలువు గీతల్లోకి చేరిందో కొలుస్తూ ఉంటుంది. వేలు దగ్గరికొస్తే ఆ కూడలిలో కొంత సిగ్నల్ వేల్లోకి పోయి కొలత తగ్గుతుంది. ఏ ఏ కూడళ్లలో ఎంతెంత తగ్గిందో చూసి, వాటి సగటు కట్టి, వేలు ఎక్కడుందో చెబుతుంది. గీతకూ గీతకూ మధ్య కొన్ని మిల్లీమీటర్లున్నా చోటు అంత కచ్చితంగా దొరికేది ఈ సగటు వల్లే. ప్రతి కూడలికీ విడిగా కొలత ఉంటుంది కాబట్టి పది వేళ్లు పెట్టినా పదీ వేరువేరుగా తెలుస్తాయి.

చాలామంది రెసిస్టివ్ పాతది, కెపాసిటివ్ కొత్తది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ని. ఇంగ్లండ్‌లోని మాల్వర్న్‌లో రాయల్ రాడార్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో పనిచేసిన ఇ.ఎ. జాన్సన్ విమానాల రాకపోకలు చూసే కంట్రోలర్ల కోసం కెపాసిటివ్ టచ్ గురించి రాసింది 1965లో. అమెరికాలో శామ్యూల్ హర్‌స్ట్ బృందం రెసిస్టివ్ తెర తయారుచేసింది ఆ తర్వాత 1970ల్లో. 2007లో ఐఫోన్ వచ్చాక ఆ పాత కెపాసిటివే మన జేబుల్లోకి చేరింది.

బాబాయి కొట్టుకు ఏది?

"దేంతో నొక్కినా పనిచేస్తుంది" అన్న మాట అబద్ధం కాదు. రెసిస్టివ్ మిషన్‌కు కారం చెయ్యి, తడి చెయ్యి, గ్లవ్స్ చెయ్యి అన్నీ ఒకటే, ఎందుకంటే అది చూసేది ఒత్తిడినే. మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీలో లావు గ్లవ్స్ వేసుకుని రోజంతా నాలుగే బటన్లు నొక్కే పనైతే నేను కూడా అదే కొనమంటాను. ఫ్యాక్టరీల్లో, తూకం మిషన్ల మీద ఇంకా అవి కనిపించడానికి కారణం అదే.

కానీ బాబాయిది నాలుగు బటన్ల పని కాదు. రైతు పేరు, రకం, బరువు, రేటు వేగంగా రాయాలి. మెత్తటి ప్లాస్టిక్ పైపొర మీద యార్డు దుమ్ము పడి, దాని మీదే రోజూ రుద్దుతూ రాస్తే గీతలు పడిపోతుంది. రెండు పూతలు, మధ్యలో ఎడం ఉండడంతో వెలుతురు కూడా కొంత మింగేస్తుంది, షెడ్డు బయట ఎండలో అక్షరం కనిపించి చావదు. పైగా కొన్నాళ్లకు ఇక్కడ నొక్కితే పక్కన పడుతుంది. అప్పుడు తెర మూలల్లో గుర్తుల మీద నొక్కి మళ్లీ సరిచేసుకోవాలి. మా బాబాయికి అంత ఓపిక లేదు, ఆ సంగతి ఆయనా ఒప్పుకుంటాడు.

మరి మామూలు కెపాసిటివ్ ట్యాబ్? పొడి కారం దానికి పెద్ద అడ్డేమీ కాదు. అసలు శత్రువు చెమట. ఉప్పు కలిసిన నీటి బొట్టు నాలుగైదు కూడళ్ల మీద పరుచుకుంటే చిప్‌కు అది వేలో, నీళ్లో తెలియదు. వానలో ప్రకాశం బ్యారేజీ మీద బండి ఆపి ఫోన్ తీసినవాళ్లందరికీ ఇది అనుభవమే: మనం ఒకటి నొక్కితే అది ఇంకోటి తెరుస్తుంది. కొన్ని ఫోన్లు రెండు రకాలుగా కొలిచి నీటిని వేరుచేయాలని చూస్తాయి. కొంతవరకే. మే నెలలో విజయవాడ ఎండకు వేలు తుడుచుకోవడం మాత్రం ఏ ఫోనున్నా తప్పదు.

ఇంకో సంగతి పెద్దవాళ్ల గురించి. వేళ్లు బాగా ఎండిపోయి, కాయలు కాచి ఉంటే కెపాసిటివ్ తెర సరిగా పట్టుకోదు. మా అమ్మ "నా వేలంటే దీనికి లెక్కలేదు" అంటుంది. ఆమెకు ఖరీదైన ఫోన్ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో టచ్ సెన్సిటివిటీ పెంచే ఆప్షన్ ఉన్న ఫోన్ కావాలి, పైన మందపాటి టెంపర్డ్ గ్లాస్ వేయకపోతే చాలు. గాజు మందం పెరిగేకొద్దీ వేలు గీతలకు దూరమవుతుంది. ఇదొక్కటి షాపులో చెప్పరు.

పెన్నులన్నీ ఒకటి కాదు

బాబాయి సంగతి నేను తేల్చింది వేలి దగ్గర కాదు, పెన్ను దగ్గర. ఎక్కువ మంది డబ్బులు పోగొట్టుకునేది కూడా ఇక్కడే.

ఒకటి, రబ్బరు బుడిపె పెన్ను. ఏ ఫోన్‌కైనా పనిచేస్తుందని అమ్ముతారు, నిజంగానే పనిచేస్తుంది. కానీ అది పెన్ను వేషం వేసుకున్న వేలు. వేలంత వెడల్పుగా తాకితేనే తెర గుర్తిస్తుంది కాబట్టి మొన లావుగా ఉండక తప్పదు. రాసేటప్పుడు అక్షరం ఎక్కడ పడుతుందో కనిపించదు. అరచెయ్యి తెరకు ఆనిందంటే దాన్ని కూడా వేలనుకుంటుంది. సంతకం పెట్టడానికి, పిల్లలు బొమ్మల్లో రంగులు నింపడానికి చాలు. నోట్సుకు వద్దు.

రెండోది యాక్టివ్ పెన్ను. దాంట్లో బ్యాటరీ ఉంటుంది, తనే సిగ్నల్ పంపిస్తుంది, తెరలోని అవే గీతలు ఆ సిగ్నల్‌ను వింటాయి. మొన సన్నగా ఉంటుంది. పెన్ను వచ్చిందని ట్యాబ్‌కు విడిగా తెలుస్తుంది కాబట్టి అరచెయ్యిని వదిలేస్తుంది. 2015లో వచ్చిన యాపిల్ పెన్సిల్ ఈ రకమే. ఇది జత కుదిరిన ట్యాబ్‌తోనే పలుకుతుంది, ఐప్యాడ్‌లలో కూడా ఏ మోడల్‌కు ఏ పెన్సిల్ అన్నది చూసుకోవాలి. ఐఫోన్ మీద అసలు రాయదు. "సెకండ్ హ్యాండ్‌లో పెన్సిల్ చవగ్గా దొరికింది" అని ముందు పెన్సిల్ కొని తర్వాత ట్యాబ్ వెతికిన మహానుభావుణ్ని నేనెరుగుదును.

మూడోది నాకు ముచ్చటైనది. శామ్‌సంగ్ ఎస్ పెన్ లాంటివి. ఇక్కడ పెన్నును గమనించేది పైనున్న టచ్ గీతలు కావు, డిస్‌ప్లే వెనక ఉన్న వేరే పలక. ఆ పలక అయస్కాంత తరంగాలు పంపిస్తుంది. పెన్నులో ఉన్న చిన్న తీగచుట్ట వాటి నుంచే కాస్త శక్తి తీసుకుని తిరిగి జవాబిస్తుంది. గుడిలో పెద్ద గంట మోగితే పక్కనున్న చిన్న గంట సన్నగా కంపించినట్టు అనుకోండి. రాయడానికి బ్యాటరీ అక్కర్లేదు, చార్జింగ్ మరిచిపోయామన్న టెన్షన్ లేదు. మొన మీద ఒత్తిడి పెరిగితే ఆ జవాబు కొద్దిగా మారుతుంది, దాన్నిబట్టి గీత లావు సన్నం అవుతుంది. చెమట, కారం, తడి దీనికి పట్టవు, ఎందుకంటే వేలి లెక్కే ఇక్కడ లేదు. కొన్ని నోట్స్ యాప్‌లలో వేలిగీత ఆపేసి పెన్ను ఒక్కటే రాసేలా పెట్టుకోవచ్చు.

ఒక లోపం ఉంది. అయస్కాంతాలు దీనికి గిట్టవు. మూత టపీమని అతుక్కునే పౌచ్ కొంటే, ఆ అయస్కాంతం ఉన్నచోట పెన్ను గీత వంకరపోవడమో, అసలు పడకపోవడమో జరుగుతుంది. పౌచ్ వేశాకే ఒకసారి నాలుగు మూలలా రాసి చూడండి.

విజయవాడలో ఇంజనీరింగ్ చదివే మా అక్క పెద్ద కూతురికి లెక్కలు చేయడానికి రెండో రకం పెన్నైనా, మూడో రకమైనా పర్వాలేదన్నాను. తనకు బొమ్మలు కూడా పిచ్చి, స్నేహితులందరి దగ్గరా ఐప్యాడ్, అది పట్టుకుంది. వాదించలేదు. బాబాయికి మాత్రం మూడో రకమే అని తేల్చాను.

ట్యూషన్ బోర్డు సంగతి

బ్రాడీపేటలో ట్యూషన్లు చెప్పే మా ఫ్రెండు పెద్ద ప్యానెల్ కొనాలని అడిగాడు. అంత పెద్ద తెరకు కెపాసిటివ్ అంటే ఖర్చు. ఇన్‌ఫ్రారెడ్‌లో గాజు మామూలుదే. అంచు ఫ్రేములో రెండు పక్కల చిన్న లైట్లు, ఎదురుగా వాటిని చూసే సెన్సర్లు ఉంటాయి. కంటికి కనబడని ఆ కిరణాలను ఏది అడ్డుకున్నా తాకినట్టే లెక్క: వేలు, స్కేలు, చేతిగుడ్డ ఏదైనా సరే. ఇబ్బందులూ అక్కడే. చీర కొంగు వేలాడితే గీత పడుతుంది, సాయంత్రం పురుగు వాలినా పడుతుంది. కిటికీలోంచి ఎండ నేరుగా ఫ్రేము మీద పడితే తికమకపడుతుంది, సుద్దపొడి పేరుకుంటే మొరాయిస్తుంది. వాళ్ల గదికి పడమటి కిటికీ ఉంది. ప్యానెల్ తర్వాత, ముందు కర్టెన్ కొనమన్నాను.

టచ్ పోతే, టచ్‌కు పిచ్చెక్కితే

గాజు పగిలినా కెపాసిటివ్ ఫోన్ చాలాసార్లు పనిచేస్తూనే ఉంటుంది, గీతలు కింద భద్రంగా ఉంటే. అయినా చాలా కొత్త ఫోన్లలో టచ్ గీతలు డిస్‌ప్లేలోనే కలిసిపోయి ఉంటాయి కాబట్టి రిపేరు షాపులో "టచ్ ఒక్కటే రాదు సార్, కాంబో వేయాలి" అంటారు. దాన్నే కొందరు ఫోల్డర్ అంటారు. ఒరిజినలా, కాపీయా అన్నది అప్పుడు అడగాలి. ఒకసారి నేను చవగ్గా వస్తుందని కాపీ కాంబో వేయించుకున్నాను. షాపులో బాగానే ఉంది. ఇంటికొచ్చాక కుడి అంచున సన్నటి పట్టీ మేర టచ్ లేదు. కీబోర్డులో బ్యాక్‌స్పేస్ అక్కడే ఉంటుంది. మూడు నెలలు తప్పులు దిద్దకుండా మెసేజ్‌లు పంపాను.

పిచ్చెక్కడం వేరే కథ. నాన్న ఫోన్ రాత్రిళ్లు తనంతట తనే యాప్‌లు తెరిచేది. దెయ్యమని ఇంట్లో నవ్వుకున్నాం, వైరస్ అనుకున్నాం, రీసెట్ చేశాం. చివరికి గమనిస్తే చార్జింగ్‌లో ఉన్నప్పుడు మాత్రమే అలా చేస్తోంది. రోడ్డు పక్కన కొన్న పేరులేని చార్జర్ అది. అలాంటివాటిలోంచి వచ్చే విద్యుత్ అలజడి ఫోన్ మొత్తాన్ని ఊపేస్తుంది. వేలి వల్ల వచ్చే మార్పే చాలా చిన్నది కాబట్టి ఆ గోలలో అది మునిగిపోతుంది, లేని వేళ్లు కనిపిస్తాయి. చార్జర్ మార్చాం, దెయ్యం వదిలింది. టచ్ మార్పించే ముందు చార్జర్ పీకి చూడండి.

షాపులో ఐదు నిమిషాలు

బాబాయిని తీసుకుని విజయవాడ వెళ్లాం. బీసెంట్ రోడ్డులో టిఫిన్ చేసి, ఒక షాపులో డెమో ట్యాబ్ చేతికి తీసుకున్నాను. నోట్స్ యాప్ తెరిచి, ఒక మూల నుంచి ఎదురు మూలకు వేలితో చాలా మెల్లగా ఏటవాలు గీత గీశాను. టచ్ నాసిరకమైతే గీత మెట్లు మెట్లుగా, వానపాములాగా వస్తుంది. తర్వాత పెన్నుతో అదే పని, అరచెయ్యి ఆనించి. ఒక యాప్ ఐకాన్‌ను వేలితో పట్టుకుని తెరంతా, అంచుల వెంబడి కూడా తిప్పాను. చచ్చిన చోటుంటే ఐకాన్ చేజారి అక్కడే పడిపోతుంది. ఆండ్రాయిడ్‌లో ఇంకా లోతుగా చూడాలంటే అబౌట్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో పాయింటర్ లొకేషన్ ఆన్ చేస్తే వేలు పోయినచోటల్లా గీత కనిపిస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇది చేయకుండా డబ్బులివ్వొద్దు.

కుర్రాడు "240 హెర్ట్జ్ టచ్ శాంప్లింగ్ సార్" అని మొదలుపెట్టాడు. అంటే తెర సెకనుకు 240 సార్లు వేలు కోసం చూస్తుందని, దాదాపు 4 మిల్లీసెకన్లకు ఒకసారి. గేములాడేవాళ్లకు తేడా తెలుస్తుందేమో గానీ టిక్కీలు లెక్కపెట్టుకునేవాళ్లకు అక్కర్లేదు. తెర మీద బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో చెప్పే డిస్‌ప్లే రిఫ్రెష్ రేటు వేరు, ఇది వేరు, రెండూ కలిపి చెబుతుంటే నిలదీయండి.

బాబాయి బ్యాటరీ అక్కర్లేని పెన్నున్న ట్యాబ్ తీసుకున్నాడు, అయస్కాంతం లేని మామూలు పౌచ్‌తో. బస్సులో గుంటూరు వచ్చేదాకా పెన్నుతో తన సంతకమే రాసుకుంటూ కూర్చున్నాడు. వారం తర్వాత కొట్టుకు వెళ్లి చూస్తే ట్యాబ్ మీద ఎర్రటి వేలిముద్రలున్నాయి, పెన్ను మాత్రం శుభ్రంగా ఉంది. దానికి పురికొస కట్టి టేబుల్ కాలుకు ముడేశాడు, పోస్టాఫీసు పెన్నులాగా.